ములాఖత్‌లో తమ్ముడు మాట్లాడడం లేదు, జైల్లో వైద్యం దొరుకుతుందా?

ప్రశ్న: కొట్లాట కేసులో శిక్ష పడి మా తమ్ముడు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి వాణ్ణి బెల్టుతో కొట్టేవాడు. ఇప్పుడు రాత్రుళ్లు కేకలేస్తూ లేస్తున్నాడట, బ్యారక్ తలుపు చప్పుడైతే వణికిపోతున్నాడట. ములాఖత్‌కి వెళ్తే ముఖం తిప్పుకుంటాడు, అమ్మేమో ‘ఏమైందో చెప్పరా’ అని ఏడుస్తుంది. వాడికి వైద్యం చేయిస్తారా?
– ఒక అక్క, రాజమహేంద్రవరం

జవాబు: చేయించాలమ్మా, అది మీ తమ్ముడి హక్కు. కాకపోతే చాలాసార్లు ఇంట్లోవాళ్లు వెంటపడితే తప్ప కదలదు. మీరు రాసినవి పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం) లక్షణాల్లా ఉన్నాయి, ఖాయం చేయాల్సింది మాత్రం చూసిన డాక్టరే.

ముందు అమ్మకు చెప్పండి, ‘ఏమైంది’ అని అడగొద్దని. వాడు అక్కడ పాతదంతా తవ్వుకుని ఏడ్చినా, టైమైపోగానే అదే బ్యారక్‌లోకి, అదే జనం మధ్యకి వెళ్లాలి, ఆ రాత్రి పక్కన కూర్చునే మనిషి ఎవరూ ఉండరు. జైలు గోడల మధ్య చెప్పింది పదిమందికీ పాకుతుందన్న భయం కూడా ఉంటుంది. అందుకే విషయం తెలిసిన థెరపిస్టులు జైల్లో కథ అడగడంతో మొదలుపెట్టరు. అమెరికాలో మహిళా ఖైదీలతోనూ వాడిన ‘సీకింగ్ సేఫ్టీ’ అనే పద్ధతి ఉంది, ట్రామాకీ (మనసుకు తగిలిన పాత గాయానికీ) మత్తు అలవాటుకీ కలిపి చేసేది. అందులో 25 అంశాలుంటాయి, జరిగిందంతా విప్పి చెప్పాలన్న షరతు లేదు. ఈ రోజు గడవడం ఎలా, కోపం తన్నుకొచ్చినప్పుడు ఏం చేయాలి, సాయం ఎలా అడగాలి, ఇవే నేర్పుతారు. గుండె దడదడలాడినప్పుడు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి అనుకుని, ‘ఇది ఫలానా సంవత్సరం, నాన్న ఇక్కడ లేడు’ అని తనకు తాను చెప్పుకోవడం కూడా వైద్యంలో భాగమే. దీన్ని మీరే ములాఖత్‌లో వాడికి చెప్పొచ్చు. పాత గాయం గురించి మాట్లాడే థెరపీ ఆ తర్వాత, నమ్మకం కుదిరి, మధ్యలో వేరే జైలుకు మార్చరన్న భరోసా ఉంటేనే. ఉత్త నిద్రమాత్రలతో సరిపెడితే ఒప్పుకోకండి.

మీ తమ్ముడు ఒక్కడే కాదు. బెంగళూరు జైల్లో 5,024 మంది ఖైదీలను పరీక్షించి అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2011లో ఇచ్చిన నివేదికలో, మత్తు సమస్యలు పక్కన పెట్టినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017లోని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం ఉండాలి.

‘నేరం చేసినవాడికి ఇన్ని సేవలా’ అని మీ చుట్టాలు అంటూనే ఉండొచ్చు. ఆ కొట్లాటలో దెబ్బతిన్నవాడి కుటుంబం బాధ చిన్నదేం కాదు, శిక్ష మీ తమ్ముడు అనుభవించాల్సిందే. కానీ ఉలిక్కిపడే మనిషిని అలాగే బయటికి పంపితే రేపు మళ్లీ ఎవరి మీదో చెయ్యి లేచే ప్రమాదం ఉంది, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

సూపరింటెండెంట్‌కి అర్జీ రాయండి: కేకలు, వణుకు, ఎప్పటి నుంచి, సైకియాట్రిస్ట్‌కి చూపించమని. నకలు మీ దగ్గర ఉంచుకోండి. కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఖైదీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ ఇస్తారు, ఫోన్ 15100. ‘బతకాలని లేదు’ లాంటి మాట వాడి నోట వస్తే మాత్రం అర్జీ దాకా ఆగొద్దు, అక్కడున్న అధికారికి అప్పటికప్పుడే చెప్పండి. మీకూ అమ్మకూ గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.