'క్యూ' అనే ఇంగ్లీషు మాటకు వరస, జడ, కర్ర... ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

మీరు ఒకే ప్రశ్నలో మూడు అడిగారు. క్యూ అంటే వరస అని తెలుసు గానీ డిక్షనరీలో జడ అని కూడా ఉందేమిటి? బిలియర్డ్స్ ఆడే కర్రనీ క్యూ అంటారు, అదీ ఇదీ ఒకటేనా? మొదటి అక్షరం ఒక్కటి పలికితే సరిపోయే మాటకు వెనక యు, ఇ, యు, ఇ అని ఇంకో నాలుగు అక్షరాలెందుకు?

నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. తిరుపతిలో డీటీపీ, ఫ్లెక్సుల అంగడి నడుపుతాను. ఈ మాట గురించి ఇంత తెలుసుకోవడానికి కారణం, దీనివల్ల నా చేతి డబ్బు పోవడమే. నాలుగేళ్ల కింద ఊళ్లో ఒక కల్యాణ మండపం వాళ్లు భోజనాల హాలుకు ఐదు బోర్డులు చెప్పారు. 'దయచేసి క్యూలో రండి' అని పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. మా కుర్రాడు ఇంగ్లీషులో క్యూ, యు, ఇ అని మూడక్షరాలు కొట్టి ఆపేశాడు. నేనూ చూడకుండా ప్రింటుకు వదిలేశాను. పెళ్లి రోజు పొద్దున పెళ్లికూతురు మేనమామ, చెన్నైలో ఉద్యోగమట, ఫోన్ చేసి "ఏమబ్బా, మిగతా రెండక్షరాలు యాడ పెట్టినావు?" అన్నాడు. ఐదు బోర్డులూ మళ్లీ వేసి, ఆటోలో పంపాను. ఆ రాత్రి అంగడిలో కూర్చుని, ఆ రెండక్షరాల సంగతేమిటో చూద్దామని డిక్షనరీ తెరిచాను.

అసలు అర్థం తోక. అంతే. లాటిన్‌లో తోకను 'కౌడ' అనేవారు, 'కోడ' అని కూడా. అది పాత ఫ్రెంచిలోకి వచ్చి అరిగిపోయి 'కో', 'క్యూ' లాంటి రూపాలు దాల్చి, ఇప్పటి రాతలో నిలిచింది. స్పెల్లింగు మొత్తం ఫ్రెంచివాళ్లదే. వాళ్ల లెక్కలో మొదటి రెండక్షరాలు కలిస్తే 'క' శబ్దం. తర్వాతి రెండూ కలిస్తే ఒక అచ్చు, పెదవులు సున్నాలా చుట్టి 'ఎ' అనబోతే వచ్చేది. చివరి 'ఇ' పదానికి తోక, అది పలకరు. ఇంగ్లీషువాళ్లు మాటను తీసుకుని పలకడం తమ తీరుకు మార్చుకున్నారు, రాయడం మాత్రం మార్చలేదు. అందుకే 'మొదటి అక్షరం పని చేస్తుంటే వెనక నాలుగు అక్షరాలు క్యూలో నిలబడి ఉన్నాయి' అని జోకులు వేస్తారు. అన్నట్టు, దీనికి 'ఇంగ్' చేర్చి రాస్తే వరసగా ఐదు అచ్చులు వస్తాయి. టైపు చేసేవాడికి అంతకంటే టెన్షన్ పెట్టే మాట ఇంకోటి లేదు, నన్నడిగితే.

ఇంగ్లీషు పాత రాతల్లో ఈ మాట జంతువు తోకగా కనిపిస్తుంది. రాచకుటుంబాల చిహ్నాల మీద సింహాల్లాంటివి వేస్తారు కదా, వాటి తోకను వర్ణించడానికి వాడేవారు. 18వ శతాబ్దానికి మగవాళ్లు తల వెనక వేసుకునే జడకు పేరైంది. వెనక వేలాడేది తోకలా ఉంటుంది కదా మరి. అప్పట్లో యూరప్ సిపాయిలకూ నావికులకూ ఈ జడలుండేవి. తర్వాత చైనావాళ్ల జడకు ఈ పేరు బాగా అంటుకుంది. మంచూ పాలకులు 1645లో చైనా మగవాళ్లందరూ ముందు తల గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలని ఉత్తర్వు వేశారు, కాదంటే తల తీసేవారు. రెండు శతాబ్దాలు దాటాక శాన్‌ఫ్రాన్సిస్కోలో తిరకాసు ఇంకోలా వచ్చింది. అక్కడ జైలుకొచ్చిన వాళ్లందరికీ జుట్టు పొట్టిగా కత్తిరించాలని నగరపాలకులు నిబంధన పెట్టారు. పైకి అందరికీ అన్నారు, గురి మాత్రం చైనావాళ్ల జడ మీదే. 1879లో అక్కడి ఫెడరల్ కోర్టు అది చెల్లదని కొట్టేసింది.

జుట్టుకూ తోకకూ ఒకే మాటా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. సంస్కృతంలో 'వాలము' అన్నా తోకే, వెంట్రుకే.

ఇక మనుషుల వరస. ఫ్రెంచిలో వరసలో నిలబడడాన్ని 'తోక చేయడం' అంటారు. విప్లవం రోజుల్లో పారిస్‌లో రొట్టెల అంగళ్ల ముందు జనం అలా తోకలు తోకలుగా నిలబడేవారు. ఇంగ్లీషులో ఈ అర్థం తొలిసారి కనబడేది 1837లో, థామస్ కార్లైల్ రాసిన ఫ్రెంచి విప్లవ చరిత్రలో. ఇందులో నాకు నచ్చిన తమాషా ఏమంటే, ఎవరూ చెప్పకుండానే క్యూలో నిలబడే నేర్పు ఫ్రెంచివాళ్ల ప్రత్యేకత అన్నట్టు ఆయన రాశాడు. ఇవాళ ఆ పేరు ఇంగ్లీషువాళ్లు కొట్టేశారు. అమెరికావాళ్లకు ఈ మాట అంత అలవాటు లేదు, వాళ్లు లైన్ అంటారు. మనం ఎవరినీ నొప్పించకుండా రెండూ కలిపి 'క్యూలైన్' అంటాం.

తిరుపతిలో పుట్టినవాడికి క్యూ గురించి డిక్షనరీ చెప్పాలా అనుకోకండి, చెప్పాల్సొచ్చింది. పొద్దున్నే బంధువులు ఎక్కడెక్కడి నుంచో ఫోన్ చేసి అడిగే మొదటి మాట "బాగున్నారా" కాదు, "ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండినాయి?" అని. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి బయట శిలాతోరణం దాకా వచ్చిందంటే "ఇంకో వారం ఆగి రండి" అని చెప్తాం. అది తోక అని నేను ఎప్పుడూ అనుకోలేదు. తీరా తెలిశాక చూస్తే, కొండమీద అది నిజంగా తోకే. తల గుళ్లో, తోక అడవి అంచున.

బోర్డుల గొడవ జరిగిన ఏడాదే మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాం. ఆడవాళ్లు చాలామంది మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు, మా అమ్మ మాత్రం పూర్తిగా ఇస్తానంది. కల్యాణకట్టలో జుట్టు తడిపి, రెండు పాయలు చేసి ముడులు వేసి, ఆ తర్వాత కత్తి పెట్టారు. ముడి వేసిన పాయ ఊడి ఒళ్లో పడింది. అరవై ఏళ్ల జడ, అరచేతి వెడల్పు కూడా లేదు. మధ్యాహ్నానికి గుండుకు చందనం పూసుకుని కంపార్ట్‌మెంటులో కూర్చున్నాం. నా ముందు ఎవరో అమ్మాయి, నడుం దాటిన జడ, కొండమీద పూలు పెట్టుకోరు కాబట్టి చివర ఒట్టి రబ్బరుబ్యాండు. గేటు తీసినప్పుడల్లా నాకు కనిపించేది ఆ జడ ఒక్కటే, అది కదిలితే నేను కదలాలి. పొద్దున ఒక క్యూ ఇచ్చేశాం, మధ్యాహ్నం ఇంకో క్యూలో ఉన్నాం అని నవ్వొచ్చింది. అమ్మకు చెప్తే "దేవుడి దగ్గర ఇంగ్లీషేంది రా" అంది.

అక్కడే ఇంకోటి జరిగింది. మా వెనక పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. పాలు పోసేలోపు ఊరు అడిగింది, సాంబారన్నం వచ్చేలోపు ఇంటిపేరు అడిగింది, తలుపు తీసేసరికి నేను వాళ్ల మనవడికి బావనయ్యాను. వరసలో కూర్చుని వరస కలుపుకోవడమంటే ఇదే. మీరు ఇంగ్లీషు మాటకు ఇన్ని అర్థాలా అని అడిగారు గానీ, మన 'వరస' మాత్రం తక్కువ తిందా? నిలబడే తీరూ అదే, చుట్టరికమూ అదే, "వీడి వరస బాగాలేదు" అన్నప్పుడు నడతా అదే.

ఇప్పుడు కర్ర సంగతి. బిలియర్డ్స్ కర్రకు రాసే స్పెల్లింగు వేరు, సి, యు, ఇ అని మూడక్షరాలే, కానీ పుట్టుక అదే తోక. పూర్వం ఆ ఆటను చివర దిమ్మ ఉన్న కర్రతో ఆడేవారు, దాంతో బంతిని నెట్టేవారు. బంతి బల్ల అంచుకు ఆనుకున్నప్పుడు దిమ్మ అడ్డం వచ్చేది. అప్పుడు కర్ర తిప్పి సన్నగా ఉన్న వెనక కొసతో, అంటే తోకతో కొట్టేవారు. ఆ కొసే బాగా పనికొస్తోందని తెలిసి దిమ్మ పోయింది, తోక మిగిలింది.

నాటకాల్లో క్యూ అంటారే, నటుడికి ఇప్పుడు నువ్వు అందుకో అని తెలిపే గుర్తు, అది మాత్రం వేరే ఇంటిది. స్పెల్లింగు బిలియర్డ్స్ కర్రదే అయినా చుట్టరికం లేదు. పాత్రధారుల కాగితాల మీద 'ఎప్పుడు' అనే అర్థమున్న 'క్వాండో' అనే లాటిన్ మాటకు పొడి అక్షరంగా ఇంగ్లీషు 'క్యూ' అక్షరం వేసేవారనీ, అదే మాటగా మారిందనీ ఒక వాదం. ఇలాంటివి మనకూ ఉన్నాయి. ఆడుకునే బంతి వేరు, బంతి భోజనంలో బంతి వేరు. మొదటిది తమిళంలో 'పందు'కు అక్కచెల్లెలు, రెండోది సంస్కృతం 'పంక్తి'కి వికృతి. పలికితే ఒకటే.

ఈ నాటకం క్యూ దగ్గర మా మామ గుర్తొస్తాడు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. మామ ద్రౌపది వేషం కట్టేవాడు. మీసం తీసి, పసుపు రాసి, పిరుదుల దాకా సవరం జడ. వస్త్రాపహరణం రోజు సభలో ఆయన జడ కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే సవరం విడిపోయేది. ఆ విదిలింపుకే మద్దెలాయన చెయ్యి పడాలి, అది వాళ్లిద్దరి మధ్య గుర్తు. ఒక ఏడు సవరం ముడి బిగుసుకుపోయింది. మామ లాగుతాడు, అది రాదు. మద్దెల మోగదు. దుశ్శాసనుడు చీర పట్టుకుని నిలబడి ఉన్నాడు. చివరకు దుశ్శాసనుడే జాలిపడి మెల్లగా ముడి విప్పాడు. జనం ఒకటే నవ్వు. ఆ రాత్రి ఆ జడా క్యూనే, ఆ గుర్తూ క్యూనే అని ఇప్పుడు చెప్తే, ఎనభై ఏళ్ల మామ నన్ను ఎగాదిగా చూస్తాడు.

తోక పిల్లలు ఇంకా ఉన్నాయి. పాటకు చివర వచ్చే భాగాన్ని ఇటలీవాళ్లు 'కోడా' అంటారు, అదీ తోకే. పిరికివాణ్ణి ఇంగ్లీషులో 'కవార్డ్' అంటారు కదా, దానిలోనూ పాత ఫ్రెంచి తోకే ఉంది. కాళ్ల మధ్య తోక పెట్టుకున్న కుక్క అన్నమాట. మనం 'తోక ముడిచాడు' అంటే తెలుగు నుడికారమనుకుంటాం, వాళ్లు దాన్ని ఒక్క మాటలో దాచేశారు. కానీ 'కర్టెయిల్' చూసి మోసపోకండి. అది తోక కత్తిరించిన గుర్రానికి వాడిన ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, ఆ ఫ్రెంచి మాట చివర 'టెయిల్' లేదు. ఇంగ్లీషువాళ్లు విని తమ 'టెయిల్' అనుకుని అలా మార్చేసుకున్నారు.

కంప్యూటరు క్యూ మా అంగడిలో రోజూ చూసేదే. ముందొచ్చిన ఫైలు ముందు ప్రింటు కావాలి, అదే దాని ధర్మం. ఇడ్లీ ప్లేట్ల దొంతర అలా కాదు, చివర పెట్టింది ముందు తీస్తాం. క్యూల మీద లెక్కల శాస్త్రమే ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఆయన ఫోన్ కాల్స్ రద్దీ మీద 1909లో వ్యాసం రాశాడు, అక్కడ మొదలైంది. 1961లో జాన్ లిటిల్ ఒక చిన్న సూత్రానికి రుజువు ఇచ్చాడు: లోపల ఉన్న జనం ఎంతంటే, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు ఉండే గంటలతో హెచ్చవేసినంత. గంటకు 3,000 మంది చొప్పున దర్శనం అవుతోందనుకోండి, మీ ముందు 30,000 మంది ఉంటే మీకు పది గంటలు. మా ఊళ్లో జీపు డ్రైవర్లు ఈ లెక్క సూత్రం లేకుండానే చెప్తారు.

ఈ సూత్రానికి అందనిది మాత్రం ఒకటుంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒక్కటే. బ్రేక్ దర్శనం లెటర్ సంపాదించినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఆ మూడక్షరాల ఫ్లెక్సులు ఐదూ పారేయలేదు. నాలుగు పక్కనున్న టీ అంగడాయన పందిరికి పట్టుకెళ్లాడు. ఒకటి మా అంగడి వెనక నీళ్ల డ్రమ్ము మీద కప్పి ఉంది, కొత్తగా చేరిన కుర్రాళ్లకు స్పెల్లింగు చెప్పాల్సినప్పుడు ముందు అక్కడికి తీసుకెళ్తాను.