శుద్ధ శాకాహారి, వీగన్ ఒకరేనా?

సందేహం: ‘శాఖాహారం’ ఒప్పా, ‘శాకాహారం’ ఒప్పా? ఆరోగ్య వ్యాసాల్లో ‘వీగన్’ను ‘శుద్ధ శాకాహారి’ అని రాస్తున్నారు, సరైనదేనా? లాక్టో, ఓవో వెజిటేరియన్లను తెలుగులో ఏమనాలి?

సమాధానం: ‘శాకాహారం’ ఒప్పు. శాకం అంటే కూర, కూరాకు. శాక + ఆహారం సవర్ణదీర్ఘ సంధి. ఇందులో వత్తుకు చోటు లేదు. శాఖ అంటే కొమ్మ. శాఖా + ఆహారం అని కలిపినా సంధికి వచ్చిన లోటేమీ లేదు, చిక్కంతా అర్థంతోనే. అది కొమ్మలు మేయడం అవుతుంది. (కొమ్మల మీద తిరిగే కోతికి శాఖామృగమని పేరు.) విద్యాశాఖ, రెవెన్యూ శాఖ రోజూ కంటపడుతుంటాయి కాబట్టి చేయి అలవాటుగా ఆ వత్తు పెట్టేస్తుందనుకుంటాను. ‘నేను శాకాహారం’ అని కూడా రాయకండి. తిండి శాకాహారం, తినే మనిషి శాకాహారి.

ఇక రెండో ప్రశ్న. మాటను విడదీసి చూస్తే అన్నమూ శాకం కాదు, పాలూ శాకం కావు. అయినా పాలు తాగేవారిని శాకాహారులనే అంటున్నాం. ఇది రూఢి. ‘శుద్ధ’ చేర్చితే వాడుకలో గుడ్డు కూడా ముట్టరని అర్థమే తప్ప, పాలు, పెరుగు, నెయ్యి మానేశారని కాదు. వీగన్‌కు అవేవీ పనికిరావు, తేనెతో సహా. కాబట్టి ఆ అనువాదం తప్పు. వీగన్ అతిథికి ‘శుద్ధ శాకాహారం’ వండమంటే వంటమనిషి నిక్షేపంగా నెయ్యి పోస్తాడు, పోసినందుకు అతణ్ని తప్పుపట్టలేం. అసలు పాలు తీసుకునే వెజిటేరియన్ల నుంచి తాము వేరని చెప్పుకోవడానికే 1944లో ఇంగ్లండులో ‘వెజిటేరియన్’ మాట మొదలూ చివరా కలిపి ‘వీగన్’ చేశారు. ఆ తేడానే చెరిపేసే అనువాదం ఎందుకు? వీగన్ అనే రాసి, మొదటిసారి వచ్చిన చోట ‘పాలు, గుడ్లు, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినని’ అని విడమరిస్తే చాలు.

లాక్టో, ఓవో లాటిన్ మూలాలు: మొదటిది పాలు, రెండోది గుడ్డు. ‘క్షీర శాకాహారి’, ‘అండ శాకాహారి’ అన్న సమాసాలకు వ్యాకరణం అడ్డురాదు గానీ, విన్నవాడు మళ్లీ అర్థం అడుగుతాడు. ‘పాలు తీసుకునే శాకాహారి’, ‘గుడ్డు తినే శాకాహారి’ అంటే ఆ బాధ ఉండదు. ఓవో అన్నచోట పాలు ఉండవు. రెండూ తినేవారు లాక్టో-ఓవో. అనువాదకులు తరచూ బోల్తాపడేది ‘లాక్టో’ దగ్గర. దాన్ని ‘లాక్టోజ్ పడనివారు’ (లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర) అని రాస్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

‘పెస్కటేరియన్’ను ‘చేపలు తినే శాకాహారి’ అనడం మాత్రం నాకు మింగుడుపడదు. చేప శాకాహారంలోకి రాదు. ‘మాంసం మాని చేపలు మాత్రం తినేవారు’ అనండి.