నడిసముద్రంలో గాలం వెయ్యడానికి బోటు మాట్లాడుకునే ముందు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ఫిబ్రవరిలో నువ్వూ నీ దోస్తులూ అండమాన్ పోయి నడిసముద్రంలో చేపలు పట్టాలనుకుంటున్నారని చెల్లె చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బోట్ల ఫొటోలు కూడా చూశాను. మూడింటిలో ఏది మంచిదని అడిగావు. ఫొటో చూసి చెప్పే సంగతి కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నా. రైల్వే ఉద్యోగం మీద విశాఖలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే ఫిషింగ్ హార్బర్‌లోనే ఉండేవాణ్ణి. రిటైరై హన్మకొండ వచ్చాక కూడా అక్కడ బోట్లు నడిపే సరంగులతో మాటలు తెగలేదు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే నీకు చెబుతున్నా.

మన చెరువు గట్టు మీద కొర్రమీను కోసం కూర్చున్నప్పుడు వాన వస్తే లేచి చెట్టు కిందికి పోతాం. ఒడ్డుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో లేచిపోవడానికి చోటు ఉండదు. అక్కడ నీ ప్రాణం ఒక మనిషి నిర్ణయం మీద ఉంటుంది. ఆ మనిషి బోటు నడిపే సరంగు. కాబట్టి బోటు కన్నా ముందు సరంగును చూడు బిడ్డా. వెనక్కి తిప్పాల్సినప్పుడు తిప్పేవాడా కాదా, అదొక్కటి తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఒకసారి మేం తెల్లవారుజామున విశాఖ హార్బర్ నుంచి బయలుదేరాం. డాల్ఫిన్ నోస్ కొండ ఇంకా కనిపిస్తూనే ఉంది. సరంగు ఇంజిన్ తగ్గించి, దక్షిణం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆకాశం శుభ్రంగా ఉంది, ఆకు కదిలేంత గాలి కూడా లేదు. "గాలి లేకుండా కెరటం ఇంత ఎత్తు లేస్తుందంటే దూరంగా ఎక్కడో ఏదో పుట్టింది బాబూ, ఇవాళ వద్దు" అని బోటు తిప్పేశాడు. డీజిల్ ఖర్చు పట్టుకుని మిగతా డబ్బు చేతిలో పెట్టాడు. సాయంత్రానికి రేడియోలో అల్పపీడనం వార్త వచ్చింది. దూరాన ఉన్న తుఫాను గాలి కన్నా ముందు దాని అలలు తీరానికి చేరతాయని ఆ రోజు తెలిసింది. ఆయన బోటు పాతది, రంగు కూడా వెలిసిపోయింది. ఆ తర్వాత విశాఖలో ఉన్నంతకాలం నేను ఇంకో బోటు వెతకలేదు.

అలాంటివాణ్ణి ఇక్కడ వరంగల్‌లో కూర్చుని ఎలా పట్టుకోవాలంటే, ముందు హోటల్ ఏజెంటుతో బేరం ఆపు. అతనికి కమిషన్ ముఖ్యం, సముద్రం సంగతి అతనికి తెలియదు. సరంగు నంబర్ ఇమ్మని అడుగు. బోట్లు ఒడ్డుకు చేరే సాయంత్రం వేళ ఫోన్ చెయ్యి. పెద్ద చేప ఏది పట్టించావు అని అడగకు, అందరికీ ఆ కథలు ఉంటాయి. చివరిసారి వెళ్లకుండా ఆగిపోయింది ఎప్పుడు, ఎందుకు ఆగావు అని అడుగు. నిజంగా సముద్రం మీద బతికేవాడు వెంటనే చెబుతాడు: ఫలానా వారం గాలి ఎక్కువైంది, ఫలానా రోజు ఇంజిన్‌లో తేడా వచ్చింది అని. "మా దగ్గర ఎప్పుడూ క్యాన్సిల్ కాదు సార్, గ్యారంటీగా చేప పడుతుంది" అన్నాడంటే ఆ నంబర్ తీసెయ్యి. సముద్రంలో ఉత్త చేతులతో తిరిగొచ్చే రోజులు ఎంత మంచి సరంగుకైనా ఉంటాయి.

ఇక డబ్బు ఒప్పందం. నా మటుకు ఇది లైఫ్ జాకెట్లంత ముఖ్యం. వాతావరణం బాగాలేక ట్రిప్ ఆగితే మొత్తం డబ్బు వాపస్ ఇవ్వాలని పట్టుబట్టడం మనవాళ్లకు అలవాటు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అప్పుడు ఆగిపోతే నష్టమంతా సరంగుదే. బోటు మీద పనిచేసే ఇద్దరు కళాసీల కూలి, కొన్న ఐసు, నింపిన డీజిల్ అన్నీ అతని నెత్తిన పడతాయి. అనుమానంగా ఉన్న రోజు కూడా పోదాం పదండి అనిపిస్తుంది. మరి కొందరు రూపాయి కూడా వాపస్ లేదంటారు. అప్పుడు ఒత్తిడి మీ వైపు నుంచి మొదలవుతుంది. డబ్బు కట్టేశాం కదా, కాస్త దూరమైనా తీసుకెళ్లు అని మీరే అతన్ని తోస్తారు. రెండూ వద్దు. ఆగితే ఇంకో రోజు అదే ధరకు తీసుకెళ్లాలి, అదీ కుదరకపోతే ఆ రోజుకు అయిన అసలు ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చెయ్యాలి అని ముందే మాట్లాడుకో. వద్దు అన్నందుకు ఎవరికీ నష్టం రాకూడదు. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకో. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకు.

దీనికి నీ వైపు నుంచి కూడా ఒక ఏర్పాటు ఉండాలి. వేట రోజును తిరుగు విమానానికి ముందు రోజు పెట్టుకోవద్దు. పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం, చేరిన మర్నాడో ఆ మర్నాడో పెట్టుకుని, వెనక ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచు. అప్పుడు సరంగు రేపు పోదాం అంటే మీకూ టెన్షన్ ఉండదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగింది, నీకు గుర్తుండే ఉంటుంది. పాపికొండలు చూద్దామని మన కడిపికొండ నుంచి బయలుదేరినవాళ్లు కూడా ఆ పడవలో ఉన్నారు. గోదావరి వరద మీదున్న రోజది. టికెట్ కొని ఎక్కినవాళ్లకు నది లోపలి సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు ఆపాలి. ఆ ఊరి మీదుగా పోయినప్పుడల్లా నాకు ఆ కుటుంబాలే మనసులో మెదులుతాయి. నీకు ఇంత ఒత్తి చెప్పేది అందుకే.

సరంగు మీద గురి కుదిరాక బోటు చూడు. వీడియో కాల్ చేసి చూపించమను, మంచివాడు విసుక్కోడు. బోటు మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబర్, లైసెన్స్ కాగితం, ఇన్సూరెన్స్ చూపించమను. చేపలు పట్టడానికి ఇచ్చిన లైసెన్స్ వేరు, మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు. ఆ రెండోది ఎంతమందికి ఉందో కాగితం మీదే ఉంటుంది. మీరు ఆరుగురు, బోటువాళ్లు ముగ్గురు అయితే తొమ్మిది మందికి సరిపోవాలి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి చూపించమను. మీ వాళ్లలో నూరు కిలోలు దాటిన అబ్బాయి ఉన్నాడు కదా, అతనికి పట్టేది ఉందో లేదో విడిగా అడుగు. బెల్టు బిగించుకోగలగాలి, విజిల్ ఉండాలి. బోటు ఎక్కగానే వేసుకుని, దిగేదాకా తియ్యొద్దు. ఎండగా ఉంది, ఉక్కపోస్తోంది అని తీసి పక్కన పెడితే అది ఉన్నట్టు కాదు.

ఇంజిన్లు రెండు ఉన్న బోటే తీసుకోండి. ఒకటి ఆగినా ఇంకోటి మెల్లగానైనా ఒడ్డుకు చేరుస్తుంది. డీజిలో పెట్రోలో, ఎంత పోస్తారో అడుగు. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతా మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడం సముద్రం మీద తిరిగేవాళ్ల పాత లెక్క. సెల్‌ఫోన్ సిగ్నల్ ఒడ్డు కనబడకుండా పోయేసరికే పోతుంది, కాబట్టి ఒడ్డుతో, వేరే బోట్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండి తీరాలి. ఆపదలో పిలిచేది 16వ ఛానల్ మీద. రేడియో ఆన్ చేసి చూపించమను. గోడకు తగిలించిన రేడియో పనిచెయ్యని బోట్లు నేను చూశాను.

వాతావరణం సరంగు చెప్పినా నువ్వు కూడా చూడు. సముద్రం లేని మన రాష్ట్రంలోనే, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దేశంలో ఏ తీరం దగ్గర అల ఎంత ఎత్తు లేస్తుందో, గాలి ఎటు వీస్తుందో వాళ్లు రోజుల ముందే ఉచితంగా చెబుతారు. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలు కూడా చూసుకో. నా లెక్కలో అల మీటరున్నర దాటితే కొత్తవాళ్లు చిన్న బోటు ఎక్కకూడదు. మునగకపోయినా నిలబడలేరు, గాలం పట్టుకోలేరు, ఒకరి కొక్కెం ఇంకొకరికి గుచ్చుకుంటుంది.

ఫిబ్రవరి, మార్చి నెలలు ఎంచుకోవడం మంచి పనే. నవంబర్, డిసెంబర్ బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. పిల్లల సెలవులని మేకి మార్చుకుందాం అని మీలో ఎవరైనా అంటే ఒప్పుకోకు. తూర్పు తీరంలో, అండమాన్‌లో కూడా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. "మేం మేనేజ్ చేస్తాం సార్" అనేవాడు మిగతా రూల్స్ కూడా అలాగే మేనేజ్ చేస్తాడు. వండూర్ దగ్గరున్న మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో వేట లేదు. బయటివాళ్లను దగ్గరికి రానివ్వని ఆదిమ తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల (సుమారు తొమ్మిది కిలోమీటర్ల) లోపలికి ఎవరూ పోకూడదు. 2018లో ఒక అమెరికన్‌ను అక్కడికి చేర్చిన జాలర్లను అరెస్టు చేశారు, పోయినతను తిరిగి రాలేదు. డబ్బిస్తే దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తాననే బోటు దొరికినా ఎక్కవద్దు.

గాలాలు, రీళ్ల గురించి నువ్వు ఎక్కువ అడిగావు కానీ అది చిన్న విషయం. సామాను బోటువాళ్లే ఇస్తారు. తీగ కొత్తదా, కొక్కేలు తుప్పు పట్టాయా అని చూడు. రాడ్డు విరిగితే, రీలు నీళ్లలో పోతే ఎంత కట్టాలో ముందే అడుగు. పార జాతిలో పెద్దది, వాళ్లు జీటీ అంటారు, అది పడితే ఫొటో తీసుకుని వదిలెయ్యడం అక్కడి మంచి బోట్ల పద్ధతి. అంత పెద్ద కావడానికి దానికి చాలా ఏళ్లు పడుతుంది. కూరకు వంజరమో సూరో ఒకటి ఉంచుకుంటే చాలు, అది ఎవరికి చెందుతుందో కూడా ముందే మాట్లాడుకో. ఎనిమిది గంటల ట్రిప్ అంటే ఒడ్డు వదిలినప్పటి నుంచా, వేట చోటు చేరినప్పటి నుంచా అన్నది కూడా. అక్కడ పొద్దు మనకన్నా ముందు పొడుస్తుంది, ముందే కుంకుతుంది. ఆ నెలల్లో సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడుతుంది. తెల్లవారకముందే జెట్టీ మీద ఉండాలి.

ముందు రోజు రాత్రి మందు ముట్టవద్దు. ఇది మీ వాళ్లందరికీ చదివి వినిపించు. వాంతుల మాత్ర మన డాక్టర్‌నే అడిగి తీసుకెళ్లి, బోటు ఎక్కడానికి గంట ముందు వేసుకోండి. ఖాళీ కడుపుతో పోవద్దు, రెండు ఇడ్లీలు తినండి. చెల్లె సర్వపిండి కట్టిస్తానంటోంది కానీ నూనె ఎక్కువ, అది తిరిగొచ్చాక తినండి.

ఆఖరుగా ఒక పని. బయలుదేరే పొద్దున బోటు నంబర్, సరంగు ఫోన్, ఎటు పోతున్నారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు అన్నీ మీ హోటల్ మేనేజర్‌కు రాసిచ్చి, అదే నాకూ పంపు. చెప్పిన టైం దాటి రెండు గంటలైనా మీ కబురు లేకపోతే నేను కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేస్తాను. ఆలస్యమై, అంతా బాగానే ఉన్నారనుకో, సిగ్నల్ అందిన మొదటి చోటే ముందు నాకు మెసేజ్ పెట్టు. ఆ మూడు బోట్లలో ముగ్గురు సరంగులతో మాట్లాడి, వాళ్లేమన్నారో ఈ ఆదివారం లోపల చెప్పు. అడ్వాన్స్ ఆ తర్వాతే.

మీ మామ,
హన్మకొండ