నాన్ బెయిలబుల్ కేసయితే బెయిలు రాదా?

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. బండి పార్కింగ్ దగ్గర పక్కింటివాళ్లతో గొడవై మా తమ్ముడి మీద కేసు పెట్టారు. ఎఫ్ఐఆర్‌లో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 118(1) సెక్షన్ వేసి, తమ్ముణ్ని ఏ2 అని రాశారు. స్టేషన్ నుంచి 35(3) నోటీసు వచ్చింది. నాన్ బెయిలబుల్ కాబట్టి బెయిలు రాదని, రిమాండ్ ఖాయమని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాని కేసు కాదు. బెయిలబుల్ కేసులో బెయిలు హక్కు, స్టేషన్‌లోనే ఇస్తారు. నాన్ బెయిలబుల్ అయితే అలా హక్కుగా అడగలేం, సాధారణంగా కోర్టు చూసి నిర్ణయిస్తుంది. 118(1) అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచారన్న ఆరోపణ. శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది. గాయం చిన్నదై, పాత కేసులేవీ లేకపోతే ఇలాంటి వాటిలో బెయిలు రావడం మామూలే.

అసలు మీ చేతిలో ఉన్న ఆ నోటీసే మీ తమ్ముడికి పెద్ద రక్షణ. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 35(3) కింద విచారణకు పిలుస్తారు. చెప్పిన రోజున వెళ్లి సహకరిస్తున్నంత కాలం అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే కారణాలు రాసి పెట్టాలి. వెళ్లకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది. అక్కడ చెప్పిన వాంగ్మూలం మీద సంతకం చేయనక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఖాళీ కాగితాల మీద అసలే చేయనివ్వకండి.

ఏ2 అంటే నిందితుల వరుసలో రెండో పేరు, అంతే. నేరం రుజువైందని కాదు. దర్యాప్తు పూర్తయ్యాక పోలీసులు ఛార్జిషీటు వేస్తారు. కోర్టు దాన్ని తీసుకున్నాక సీసీ నంబరు, అంటే కోర్టు కేసు నంబరు వస్తుంది. అప్పటినుంచి వాయిదాలు చూసుకోవాల్సింది ఆ నంబరుతోనే, స్టేషన్ క్రైమ్ నంబరుతో కాదు.

రిమాండ్, అంటే కోర్టు ఆదేశంతో కస్టడీలో ఉంచడం కూడా శిక్ష కాదు. ఒకవేళ రిమాండ్ అయినా, ఈ సెక్షన్‌లో 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే దానికి పిటిషన్ వేసుకోవాలి, షూరిటీలు ఇవ్వాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వాయిదాల సంగతి. బెయిలు వచ్చింది కదా అని కోర్టుకు రాకుండా ఉండిపోతారు. అప్పుడు ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారంట్ పడుతుంది. చిన్న కేసులో కూడా మనిషి జైలుకు వెళ్లేది చాలాసార్లు ఇలాగే. జ్వరమొచ్చినా, ఊరెళ్లినా ఆ రోజే లాయరు ద్వారా ఆబ్సెంట్ పిటిషన్ (రాలేకపోయినందుకు మన్నించమని కోరేది) వేయించండి. వారంట్ పడిందని తెలిస్తే దాక్కోకుండా కోర్టుకు వచ్చి వారంట్ రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేసుకోవాలి.

లాయరు ఖర్చు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవారికి, కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. నోటీసులో ఏ తేదీకి రమ్మన్నారో మీరు రాయలేదు. ఇవాళే చూడండి, ఆ రోజుకు తమ్ముడు తప్పకుండా వెళ్లాలి.