ఎండ కరెంటు కోసం రెండు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రైవేటు కంపెనీలో నా జీతం 46,000, కుట్టుపని మీద నా భార్యకు 8,000 వస్తాయి. ఇంటి ఖర్చు 27,000, అందులో కరెంటు బిల్లు దాదాపు 1,500. పర్యావరణహితంగా ఇల్లు కట్టుకుంటున్నాం. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకున్న 22 లక్షల గృహరుణం గోడలకు, స్లాబుకే సరిపోయింది. సోలార్ పలకలకు 2 లక్షలు, వాననీటి సంపుకు లక్షన్నర, ఫాల్స్ సీలింగ్ వంటి లోపలి పనులకు రెండున్నర లక్షలు కావాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి, సబ్సిడీతో, బిల్లులో మిగిలే డబ్బుతో తీర్చాలనుకుంటున్నాను. బ్యాంకులోని 1.8 లక్షలు గృహప్రవేశానికి ఉంచాను. ఇది సరైనదేనా?

జవాబు: కాదు. ఈ అప్పు చేయవద్దు. పర్యావరణం పేరు చేరగానే ప్రతి ఖర్చూ పెట్టుబడిలా కనిపించడం ఇల్లు కట్టుకునేవారు చాలామందిలో చూస్తున్నాను కాబట్టే మీ లేఖకు జవాబు రాస్తున్నాను. ఫాల్స్ సీలింగుకు, పర్యావరణానికి ఏం సంబంధమో నాకైతే అర్థం కాలేదు.

6 లక్షలకు నెలకు 12,000 వడ్డీ అవుతుంది, అసలు మాత్రం కదలదు. గృహరుణం వాయిదా సుమారు 19,100, ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 7,900 కనుక మొదటి నెల వడ్డీకే 4,100 తక్కువ పడుతుంది. నల్లగొండ ఎండకు కొదవ లేకపోయినా, 1,500 బిల్లులో అంతకు మించి ఏం మిగులుతుంది? ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 కూడా పలకలు బిగించి, తనిఖీ ముగిసిన తర్వాతే ఖాతాలో పడుతుంది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 1.8 లక్షలు. వాయిదాతో కలిపి మీ నెల ఖర్చు 46,100. ఆరు నెలలకు 2.77 లక్షల అత్యవసర నిధి ఉండాల్సిన ఇంట్లో, ఉన్న కాస్త సొమ్మునూ భోజనాలకు పెడతానంటున్నారు. జీతం పది రోజులు ఆలస్యమైనా మేస్త్రీ వారం కూలి ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు. ఇల్లు కట్టుకునేవాడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కేది సరిగ్గా ఆ రోజే. ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, పాలు పొంగించి, దగ్గరివారితో గృహప్రవేశం ముగించండి. మీకేమైనా జరిగితే రుణం తీర్చేంత డబ్బు కుటుంబానికి వచ్చే టర్మ్ బీమా లేకపోతే అంతకు ముందే తీసుకోండి.

ఇంటి విషయానికి వస్తే, సోలార్ తీగలకు పైపులు మాత్రం ఇప్పుడే వేయించి, స్లాబుపై తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. వేసవిలో కింది గది వేడి తగ్గుతుంది. నేలకు తాండూరు బండలు చాలు. ఫ్లోరైడ్ బాధ తెలిసిన మన జిల్లాలో వాననీటి విలువ నేను కాదనను, అయితే లక్షన్నర సంపుకు బదులు తాగడానికి, వంటకు సరిపడే చిన్న తొట్టి, మిగిలిన నీటికి ఇంకుడు గుంత చాలు.

మిగిలే 7,900లో బీమా ప్రీమియం పోగా ఉన్నది నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఆ 1.8 లక్షలతో కలిపి ఏడాది దాటేసరికి అత్యవసర నిధి నిండుతుంది. సోలార్ పలకల ధర అప్పుడు అడగండి, అప్పటికీ రుణం అవసరమైతే పీఎం సూర్యఘర్ కింద తక్కువ వడ్డీకి ఇచ్చే ప్రభుత్వ బ్యాంకుకే వెళ్లండి.