టైమర్ సిగ్నల్ ఉన్న కూడలిలో చూపులేనివాళ్ళు రోడ్డు ఎలా దాటాలి? నేను దాటే పద్ధతి ఇదీ

ప్రశ్న అడిగినవారి తమ్ముడికి చూపు లేదట. కాకినాడలో కొత్తగా కాలేజీలో చేరాడు, కొత్త సిగ్నళ్ళ దగ్గర రోడ్డు క్షేమంగా ఎలా దాటాలో చెప్పమన్నారు.

నాకు పదకొండో ఏట చూపు పోయింది. మాది ముమ్మిడివరం దగ్గర పల్లె, ఉద్యోగం కాకినాడలో. పంతొమ్మిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఒకే పెద్ద కూడలి దాటుతున్నాను. పేరెందుకు లెండి. ఈ విషయంలో ఏ ఇంజనీరు కంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం.

మేము లైటు కోసం ఆగం, మోత కోసం ఆగుతాం. నేను దాటాల్సిన రోడ్డు నా ఎదుట అడ్డంగా ఉంటుంది, ఇంకో రోడ్డు నా పక్కనుంచి పోతుంది. పక్క రోడ్డు బళ్ళు ఒక్కసారిగా గుప్పున కదిలాయంటే ఎదుటి రోడ్డు ఆగినట్టే. ఆ కదలిక మొదలైనప్పుడే అడుగు వేయాలి. మధ్యలో వేస్తే టైము చాలదు. కొత్త చోటైతే ముందు రెండు సిగ్నల్ వంతులు ఊరికే నిలబడి వినాలి. మాకు కర్రతో నడవడం నేర్పిన మాస్టారు ఇదే చెప్పారు, చాలా ఏళ్ళు ఇదే నన్ను కాపాడింది.

టైమర్లు వచ్చి దీన్ని పాడుచేశాయి. తొంభై అనే అంకె కనబడగానే అందరూ ఇంజన్లు ఆపేస్తారు. పెట్రోలు ఆదా, కాదనను. కానీ నాకు ఆగి ఉన్న బండీ, అసలు లేని బండీ ఒకటే అయిపోయాయి. పైగా అంకె మూడుకి వచ్చేసరికి అందరూ ముందే దూకేస్తారు. పచ్చలైటు పడ్డాక కదిలితే మీసం పోతుందేమో మరి! ఆ టైమర్లు పీకేస్తే ప్రమాదాలు తగ్గుతాయని నా నమ్మకం, ఎవరితోనైనా పందెం కాస్తాను.

అసలు గండం ఫ్రీ లెఫ్ట్. సిగ్నల్ ఏ రంగులో ఉన్నా ఎడమకి తిరిగేవాళ్ళు ఆగరు. నాలుగు వైపులా వంతులవారీగా వదిలే కూడలిలో ఎవరి వంతు నడుస్తున్నా నా దారిలోకి ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు.

రెండేళ్ళ కిందట ఆషాఢంలో, సాయంత్రం ఆరున్నరకి, సన్నగా చినుకు. వాన పడితే నాకు సగం చెవుడు, గొడుగు వేస్తే మిగతా సగం కూడా. అందుకే తడుస్తూ నిలబడ్డాను. ఎడమ పక్కన పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర టపటపలాడుతోంది. కుడి పక్క రోడ్డులో ఆర్టీసీ బస్సు మూలిగి కదిలింది. నేనూ కదిలాను. నాలుగో అడుగులో చేతిలో కర్ర జర్రున లాగినట్టయి, టక్కుమంది. బ్యాటరీ ఆటో. వెనకనుంచి వచ్చి ఎడమకి తిరిగింది, చక్రం కర్ర మీదుగా పోయింది. నాలుగు మడతల అల్యూమినియం కర్ర నాది. చివరి మడత ఎటో ఎగిరిపోయి, లోపలి సాగే తాడు నా మణికట్టుకి తగులుతూ వేలాడుతోంది. ఆటో అతను ఆగాడో వెళ్ళిపోయాడో కూడా నాకు తెలియలేదు. ఇంజను ఉంటే కదా తెలిసేది!

యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడల్ ఎలక్ట్రిక్ కార్లు తక్కువ వేగంలో కావాలని చప్పుడు చేయాలి, రూలు పెట్టారు. మన బ్యాటరీ ఆటోలకి కనీసం ఒక గజ్జె కట్టినా చాలు. ఎద్దుకి కట్టలేదా?

అంతలో ఎవరో పెద్దాయన "రండి మాస్టారూ" అంటూ నా రెక్క పుచ్చుకుని లాక్కుపోయాడు. "ఎటండీ?" అనేలోపే దాటించేసి, "దేవుడు చల్లగా చూస్తాడు" అని వెళ్ళిపోయాడు. నేను చేరాల్సిన మూల కాజాల కొట్టు ఉంటుంది, పాకం వాసన రావాలి. అక్కడ పెట్రోలు వాసన వస్తోంది. ఆయన పుణ్యం ఆయన మూటగట్టుకున్నాడు, నేను వేరే రోడ్డు మీద మిగిలాను.

ఇది చదివే చూపున్నవాళ్ళకి ఒక్క మాట. మమ్మల్ని పట్టుకోకండి, మీ మోచేయి ఇవ్వండి, మేమే పట్టుకుంటాం. మీరు ఒక అడుగు ముందు నడిస్తే మెట్టూ గుంటా మీ చేతిలోనే మాకు తెలుస్తాయి. ముందు "ఎటు వెళ్ళాలండీ?" అని అడగండి. కర్ర పట్టుకుని లాగేవాళ్ళని అయితే ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయకూడదు.

సంగతికొస్తే, పొత్తులావిడ రోడ్డు దాటి నా దగ్గరికొచ్చింది. చేతులు బొగ్గూ నిమ్మకాయా వాసన. విరిగిన ముక్క నా చేతిలో పెట్టి, "ఆయ్, రోజూ సూత్తున్నానండి. ఆ మూలన ఎడవకి ఆగకుండా కొట్టుకొచ్చేత్తారండి. కళ్ళున్నోళ్ళకే దిక్కులేదు. నలబై అడుగులు ఎనక్కెళితే డివైడరు కాడ సందుందండి, అక్కడ దాటండి" అంది.

అదే నా జవాబు కూడా. మూల దగ్గర దాటొద్దు. కాస్త వెనక్కి, డివైడర్ సందు దగ్గరైతే ఒకసారి ఒకవైపు నుంచే బళ్ళు వస్తాయి, సగం దాటి ఆగి మళ్ళీ వినొచ్చు. రూలు పుస్తకం ఒప్పుకోదు, నాకు మాత్రం పనిచేసింది. తమ్ముడు మాత్రం మొదటి నెల ఎవరో ఒకరి మోచేయి పట్టుకునే దాటాలి. చోటు తెలియకుండా, సాధన లేకుండా ఒంటరిగా ప్రయత్నించొద్దు.

మోగే సిగ్నళ్ళు పెడితే సరిపోదా అని ఎవరో కింద రాశారు. 1995 నాటి వికలాంగుల చట్టం 45వ సెక్షన్‌లోనే రాసి ఉంది బాబూ, ఎర్రలైట్ల దగ్గర శబ్దం వచ్చే సిగ్నళ్ళు పెట్టాలని. పక్కనే "ఆర్థిక స్తోమత మేరకు" అని ఇంకో ముక్క కూడా ఉంది. స్తోమత ఎప్పటికీ రాలేదు, చట్టం మారి 2016లో కొత్తది వచ్చింది. జపాన్‌లో ఒక దిక్కుకి కోడిపిల్ల కూత, ఇంకో దిక్కుకి కోకిల కూత పెట్టారు. మన హారన్ల మధ్య కోడిపిల్ల ఎవరికి వినబడుతుంది? కొన్ని దేశాల్లో బటన్ మీద ఉబ్బెత్తు బాణం ఉంటుంది, నడవొచ్చు అన్నప్పుడు అది అరచేతి కింద వణుకుతుంది. నన్నడిగితే మనకి పనికొచ్చేది అదే. కాలికి తగిలి దారి తెలిసేలా ఉబ్బెత్తు గీతలుండే పసుపు టైల్స్ సంగతి ఎత్తకండి. 1967లో జపాన్‌లోని ఒకయామాలో మొదటిసారి వేసినప్పుడు అవి దారి చూపించాయి, మా వీధిలో తిన్నగా కరెంటు స్తంభానికి చూపిస్తాయి.

ఇప్పుడు సాయంత్రం నేను రాగానే విసనకర్ర ఆగుతుంది. "ఉండండుండండి... ఆఁ, ఎళ్ళండి!" అంటుంది. వేసవిలో మాత్రం ఆవిడ ముంజలకి మారి బస్టాండు వైపు వెళ్ళిపోతుంది. ఆ మూడు నెలలూ ఇరవై రూపాయలిచ్చి ఆటోలో అవతల దిగుతాను. బ్యాటరీది కాదు, డీజిల్‌ది.