2147483647 ప్రైమ్ నంబరే అని కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

ఇది 31 రెండ్లని ఒకదాంతో ఒకటి గుణించి ఒకటి తీసేస్తే వచ్చే నంబర్, ఇలా వచ్చే ప్రైమ్‌ని మెర్సెన్ ప్రైమ్ అంటారు. దీన్ని ప్రైమ్ అని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చేశాడు, అదీ చేత్తో లెక్కలేసి! మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46340 లోపున్న ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి కదా, కానీ ఈ నంబర్‌కి ప్రైమ్ ఫ్యాక్టర్ అంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాల్సిందే, ఇంకేదీ కుదరదు, అందుకని చెక్ చేయాల్సినవి చాలా తక్కువే మిగిలాయి. నాకైతే ఈ ట్రిక్కే అసలు అందం అనిపిస్తది.

బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు. అందుకే కంప్యూటర్‌లో 32 బిట్ సైన్డ్ ఇంటిజర్‌లో (అంటే ఒక బిట్ ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోయి, నంబర్‌కి 31 బిట్లే మిగిలే రకం) పట్టే పెద్ద నంబర్ కూడా ఇదే, 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత కంప్యూటర్ సిస్టమ్స్‌లో 2038 జనవరి 19న మన టైం ప్రకారం పొద్దున 8:44కి కౌంటర్ నిండిపోయేది దీని దగ్గరే.